కణ్ణదాసన్‌ను పేరు పేరునా చదివించే తరగతి: వెస్ట్ మాంబళం నుంచి ఒక సమీక్ష

చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో తమిళం మాట్లాడలేనివారు అరుదు. చదవగలిగినవారు అంతకంటే అరుదు. కూరగాయల బేరం నుంచి కోర్టు వాయిదా దాకా తమిళంతోనే నెగ్గుకొచ్చే మనవాళ్ళలో చాలామంది ఆ భాషలో ఒక్క కథ కూడా చదివి ఉండరు. తమిళ కవి, సినీ గీత రచయిత కణ్ణదాసన్ విషయంలో ఈ లోటు మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది, ఎందుకంటే ఆయన పాటలు తెల్లవారుజాము రేడియోలో విని పెరిగిన ఇళ్ళలో కూడా ఆయన నవల ఒక్కటీ కనిపించదు. ఆయన నవలలు రాశాడని చెబితే ఆశ్చర్యపోయేవారూ ఉన్నారు. వెస్ట్ మాంబళంలో ఒక ఇంటి మేడ మీద ఆదివారం ఉదయాల్లో నడుస్తున్న పఠన తరగతి ఈ లోటును ఉద్దేశించి పెట్టినది. తమిళం విని అర్థం చేసుకోగలిగి, చదవడం మాత్రం రానివారిని ఒకే రచయిత చేయిపట్టుకుని ఆ లిపిలోకి తీసుకుపోతారు. మొత్తం తరగతులకు రుసుము రూ. 2,500, జిరాక్సు కాగితాలు, నడుమ ఒక ఫిల్టర్ కాఫీ అందులోనే. ఆ డబ్బుకు ఇది తగిన తరగతే అని మొదటే చెప్పి, ఎక్కడ తగ్గిందో కూడా వివరంగా రాస్తాను.

పాఠం చెప్పేవారు పదవీ విరమణ చేసిన తమిళ పండితులు. విరుదునగర్ వైపు తెలుగు మాట్లాడే ఇంట పుట్టి, బడిలో తమిళం చదివి, ఆ తమిళాన్నే జీవితమంతా పిల్లలకు బోధించినవారు. ఆయన తెలుగు మనకు కొంచెం పాతదిగా, కొంచెం వేరే రాగంలో వినిపిస్తుంది గానీ నాలుగు వాక్యాలు దాటాక చెవికి అలవాటైపోతుంది. తమిళ అయ్యవార్లను పిల్లలు పిలిచే పద్ధతిలోనే ఇక్కడ అందరూ ఆయనను ‘అయ్యా’ అనే పిలుస్తారు. తరగతికి వచ్చేవారిలో ఐ.టి. ఉద్యోగులు, ఇద్దరు ముగ్గురు గృహిణులు, నెల్లూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఒక పెద్దావిడ ఉన్నారు. పరీక్షలు లేవు, ధ్రువపత్రాలు లేవు. ఆ మేరకు గాలి హాయిగా ఉంటుంది.

కాగితాల అమరికను ముందుగా మెచ్చుకోవాలి. పుటకు ఎడమవైపు తమిళ మూలం, కుడివైపు అదే పాఠం తెలుగు లిపిలో అచ్చువేసి ఇస్తారు. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం, త, ద లకు ఒకటే అక్షరం కావడంతో కొత్తగా చదివేవాడు ప్రతి మాట దగ్గరా తడబడతాడు. తమిళం పుట్టుకతో వచ్చినవాడికి ఆ చిక్కు ఉన్నట్టే తెలియదు. పక్కనే తెలుగు అక్షరం ఉంటే నోటికి ఏది రావాలో కంటికి వెంటనే తెలుస్తుంది. మూడు తరగతులు గడిచేసరికి కుడివైపు పాఠాన్ని ఒక తెల్లకాగితంతో మూసి చదవమంటారు. తడబడినప్పుడు కాగితాన్ని ఒక పంక్తి మేర కిందికి జరిపి చూసుకోవచ్చు. ఈ చిన్న ఏర్పాటు వల్ల జరిగిన మేలు ఏ అక్షరమాల పుస్తకం వల్లా జరగదు.

ఇక అసలు విషయం. కణ్ణదాసన్ జీవితాన్ని సంవత్సరాల వరుసలో కాక పేర్ల వరుసలో చెప్పాలన్నది అయ్యగారి పద్ధతి. మొదట ఇది కేవలం చమత్కారమేమో అనిపిస్తుంది గానీ, మొదటి తరగతి పూర్తయ్యేసరికి అందులోని న్యాయం బోధపడుతుంది. 1927 జూన్ 24న కారైక్కుడి దగ్గరి సిరుకూడల్‌పట్టిలో నాటుకోట్టై చెట్టియార్ల ఇంట పుట్టిన పిల్లవాడి పేరు ముత్తయ్య. చిన్ననాడే ఏడు వేల రూపాయలకు దత్తత పోయాక, ఆ ఇంట పెరిగిన పేరు నారాయణన్. అంటే కలం పట్టకముందే ఆయనకు రెండు పేర్లున్నాయి, ఆ రెండింటిలో ఏదీ ఆయన ఎంచుకున్నది కాదు. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. తిరువొట్రియూర్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో కొంతకాలం పనిచేసి, పత్రికా సంపాదకత్వంలోకి వచ్చినప్పుడు పెట్టుకున్న పేరు కణ్ణదాసన్. భారతిదాసన్, కంబదాసన్, వాణిదాసన్ అని కవులు పేర్లు పెట్టుకుంటున్న కాలమది. ఇరవై ఏళ్ళు కూడా నిండని కుర్రవాడు ఆ వరుసలో తనకూ ఒక చోటు చేసుకున్నాడు. మన సినీ కవులకు కూడా ఈ దారి కొత్త కాదు. కిళాంబి వెంకట నరసింహాచార్యులు గోత్రనామంతో ఆత్రేయ అయ్యాడు, భాగవతుల సదాశివ శంకర శాస్త్రి నక్షత్రం పేరుతో ఆరుద్ర అయ్యాడు. అయితే వాళ్ళను జనం ఆ ఒక్క పేరుతోనే ఎరుగుదురు. కణ్ణదాసన్ అక్కడితో ఆగలేదు.

రెండో తరగతిలో తెల్లబల్ల మీద అయ్యగారు ఒకదాని కింద ఒకటిగా అయిదు పేర్లు రాశారు: కారై ముత్తు పులవర్, వణంగాముడి, కమకప్రియా, పార్వతీనాథన్, ఆరోక్యసామి. ఏ వివరణా ఇవ్వకుండా, ఒక్కొక్క పేరుగల మనిషి ఎలాంటివాడై ఉంటాడో ఊహించి చెప్పమన్నారు. మొదటివాడు కారైక్కుడి నుంచి వచ్చిన పాతకాలపు పండితుడిలా ఉన్నాడు, రెండోవాడు ఎవరికీ తలవంచని దుడుకువాడు, మూడో పేరుతో ఒక సంగీత రసికురాలు తోస్తుంది, నాలుగోది శివభక్తుల ఇంటిపేరులా ఉంది, అయిదోవాడు చర్చికి వెళ్ళే మనిషి. ఒకే వ్యక్తి ఈ అయిదుగురి వేషం కట్టాడంటే అతడు దాక్కోవడానికి కట్టలేదని, పత్రికను నింపడానికి కట్టాడని అయ్యగారి వాదన. సొంత పత్రిక నడిపినవారికి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. కవిత, సంపాదకీయం, రాజకీయ విమర్శ, కథ, పాఠకులకు జవాబులు అన్నీ ఒకే చేతి నుంచి రావలసినప్పుడు ప్రతి పుటలో ఒకే పేరు కనబడితే పత్రిక పరువు పోతుంది. కణ్ణదాసన్ తెన్రల్ పత్రికను నడిపాడు, తన పేరుతోనే మరో పత్రికనూ నడిపాడు. కవిగా పేరు రావడానికి ముందు నుంచీ ఆయన వృత్తి పత్రిక రాత. ఈ వృత్తిలో వచ్చిన వేగం, గడువు లోపల ముగించే అలవాటు, పుటకు తగ్గట్టు గొంతు మార్చుకునే నేర్పు, ఈ మూడే తరవాత సినిమాలకు పెట్టుబడి అయ్యాయని అయ్యగారు చెప్పినప్పుడు, పాటల కణ్ణదాసన్ మాత్రమే తెలిసిన మాకు లెక్క తలకిందులైనట్టనిపించింది.

నెల్లూరు పెద్దావిడ అడిగిన ప్రశ్న ఇక్కడ చెప్పాలి. “అయ్యా, ఇన్ని పేర్లు పెట్టుకున్న మనిషి సంతకం ఏ పేరుతో చేసేవారండీ?” అందావిడ. “చెక్కు మీద ముత్తయ్య అనే చేసి ఉండాలమ్మా, బ్యాంకువాళ్ళు కవిత్వం ఒప్పుకోరు గదా” అని అయ్యగారు నవ్వేశారు. నవ్వు సరే గానీ, చెక్కుల ప్రస్తావన ఆ జీవితంలో ఊరికే వచ్చేది కాదు. 1958లో మాలైయిట్ట మంగై, ఆ మరుసటి ఏడు శివగంగై సీమై నిర్మించి, 1964లో కరుప్పు పణం తీసి అందులో నటించి కూడా, రాతతో గడించిన సొమ్మును సినిమా నిర్మాణంలో పోగొట్టుకున్న మనిషి ఆయన. శివగంగై సీమై ఆంగ్లేయులతో పోరాడిన మరుదు సోదరుల కథ. అదే ఏడాది శివాజీ గణేశన్ వీరపాండ్య కట్టబొమ్మన్ కూడా విడుదల కావడంతో అది వెనకబడిపోయింది. కట్టబొమ్మ నాయకుడు మనవాడేనని చెప్పుకునే తెలుగువాళ్ళం ఆ తరగతిలో కొంచెం ఇబ్బందిగా నవ్వుకున్నాం.

అన్నిటికంటే బాగా జరిగిన తరగతి మరొకటి ఉంది. పేరు, తేదీ తీసేసిన నాలుగు పుటలు ఇచ్చి, ఇవి ఒకే మనిషి రాసినవేనా, ఏది ముందు, ఏది వెనక అని చెప్పమన్నారు. ఒకటి జైలులో రాసిన మాంగని కావ్యం నుంచి తీసినది. డాల్మియాపురం రైల్వే స్టేషన్ పేరును కల్లక్కుడిగా మార్చాలని 1953లో డి.ఎం.కె. జరిపిన ఆందోళనలో అరెస్టయి, శిక్ష అనుభవిస్తూ రాసిన చేరదేశపు ప్రేమకథ అది. రెండోది వనవాసం అనే ఆత్మకథలోది. మూడోది చేరమాన్ కాదలి నవలలోది. నాలుగోది అర్థముళ్ళ ఇందు మతం అన్న పది భాగాల వ్యాసాల్లోది. మాంగనిలో సంగం కాలపు ప్రాచీన తమిళ కవిత్వపు పలుకుబడి ఒత్తుగా ఉండడంతో మాలో చాలామందికి అది ముసలితనంలో రాసినదేమో అనిపించింది. నిజానికి అది ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ళ వయసు నాటిది. మత వ్యాసాల్లో మాటలు మరీ తేలిక, వీధి అరుగు మీద కూర్చుని చెబుతున్నంత తేలిక. అవి ముదిమికి దగ్గరపడ్డాక రాసినవి. మనిషి పెద్దవాడవుతున్నకొద్దీ భాష బరువెక్కుతుందన్న మామూలు అంచనా ఈయన దగ్గర చెల్లదు. రాతలో పాండిత్యం ముందు వచ్చింది, సరళత సంపాదించుకున్నాడు. పుటల మీద వేలు పెట్టి, ఈ వాక్యం పొడవు చూడండి, ఈ క్రియ ఎక్కడ పడిందో చూడండి అంటూ అయ్యగారు నడిపించిన గంటన్నర కోసమైనా ఈ తరగతిలో చేరవచ్చు.

వనవాసం పుట మరోరకంగా కలవరపెట్టింది. అందులో కణ్ణదాసన్ తనను ‘నేను’ అనుకోడు, ‘అతడు’ అంటాడు. పుట్టిన ఊరు నుంచి 1961లో డి.ఎం.కె.ను వదిలి ఇ.వి.కె. సంపత్‌తో పాటు తమిళ జాతీయ పార్టీలోకి వెళ్ళేవరకు జరిగిన కథ అది. తన తాగుడు, అప్పులు, తిరుగుళ్ళు, తోటి నాయకుల చిన్నతనాలు, వేటినీ దాచకుండా రాసిన పుస్తకం. ఎలా బతకకూడదో అలా బతికి చూసినవాణ్ణి కనుక ఎలా బతకాలో చెప్పే యోగ్యత తనకుందని ఆయన అన్న మాట తమిళనాట అందరి నోటా ఉంటుంది. ఆ మాట చిలిపిగా వినబడినా, ఆ పుస్తకం చదివాక చిలిపితనం పోయి లెక్కాపత్రం మిగులుతుంది. ఇన్ని కలం పేర్లు వాడినవాడు, చివరికి తన అసలు కథ చెప్పవలసి వచ్చినప్పుడు ఏ పేరూ తగిలించుకోకుండా ప్రథమ పురుషలో చెప్పుకోవడం నాకు ఈ రచయిత మొత్తం జీవితంలోకెల్లా అతి ముఖ్యమైన సంగతిగా తోచింది. దీని మీద మేము మరికొంతసేపు నిలిచి ఉండవలసింది. అయ్యగారు రాజకీయాల్లోకి మళ్ళిపోయారు. ఎవరు ఎవరిని ఏ సభలో ఏమన్నారన్నది ఆయన కంఠోపాఠంగా చెబుతుంటే వినడానికి రుచిగానే ఉంది గానీ, ఆ రోజు కాగితాల్లో చివరి రెండు పుటలు చదవకుండానే ఇంటికి తీసుకుపోయాం.

పాటల తరగతుల గురించి మిశ్రమంగా రాయవలసి ఉంటుంది. 1949లో కన్నియిన్ కాదలి చిత్రానికి మొదటి పాట రాయడంతో ఆయన సినీజీవితం మొదలైంది. ఆ సినిమాకు మూలం షేక్‌స్పియర్ ట్వెల్ఫ్త్ నైట్, అంటే అదీ ఒక మారుపేరు, మారువేషాల కథే. ఆ తరవాత మదురై వీరన్, నాడోడి మన్నన్ వంటి ఎం.జి.ఆర్. చిత్రాలకు సంభాషణలు కూడా రాశాడు; రాజకీయంగా అదే ఎం.జి.ఆర్.ను ఘాటుగా విమర్శించాడు. అయినా 1978లో ఆయన్ని ఆస్థాన కవిగా నియమించింది ఎం.జి.ఆర్. ప్రభుత్వమే. పాటను కూర్చుని రాసేవాడు కాదు, పైకి చెబుతూ పోతే సహాయకుడు రాసుకునేవాడు. అలా రాసుకున్నవారిలో ఒకరు పంచు అరుణాచలం, తరవాత ఆయనే పేరున్న రచయిత, నిర్మాత అయ్యాడు. పదిమంది ముందు, హార్మోనియం పక్కన, అడిగిన వరసకు అప్పటికప్పుడు మాట చెప్పగలిగినవాడికి పాత సాహిత్యమంతా నాలుక చివర ఉండాలి. 1962 నాటి పాద కాణిక్కైలో ఆయన రాసిన వైరాగ్య గీతానికి మూలం పాతకాలపు తమిళ విరాగి కవి పట్టినత్తార్ పద్యంలో ఉందని అయ్యగారు రెండూ పక్కపక్కన పెట్టి చూపించారు: బంధువులు ఎంతదాకా వస్తారు, ఆలు ఎంతదాకా వస్తుంది, కొడుకు ఎంతదాకా వస్తాడు అన్న లెక్క. మన వేమన చెప్పే తీరులోనే ఉండే ఆ లెక్కను సినిమా హాల్లో నేలటిక్కెట్టువాడు కూడా ఇంటికి తీసుకుపోయేలా ఆయన కుదించాడు.

తెలుగువాళ్ళ కోసం ప్రత్యేకంగా చేసిన పాఠం ఒకటి ఉంది, అది ఈ తరగతికే సొంతం. శ్రీధర్ తీసిన నెంజిల్ ఓర్ ఆలయం 1966లో తెలుగులో మనసే మందిరం అయినప్పుడు, కణ్ణదాసన్ పాటలున్న చోట ఆత్రేయ పాటలు వచ్చాయి. రెంటికీ విశ్వనాథన్ సంగీతమే. దైవాన్ని గురించి ఆసుపత్రిలో వచ్చే ఆ పాటను రెండు భాషల్లోనూ పి.బి. శ్రీనివాసే పాడాడు. రెండూ వరసగా వినిపించి, ఏ మాటకు ఏ మాట వచ్చిందో చూడమన్నారు. ఆత్రేయ పాటను చిన్నప్పటి నుంచీ మనదనుకుని వింటున్న మాకు, దాని పక్కన దాని తోబుట్టువు నిలబడి ఉంటే కలిగిన ఆనందం వేరు. ఎవరు గొప్ప అన్న పంచాయితీకి అయ్యగారు తావివ్వలేదు, అది ఆయన పెద్దరికం. సినిమా పాటల రచనకు జాతీయ పురస్కారం మొట్టమొదట 1968లో కణ్ణదాసన్‌కే వచ్చిందనీ, ఆ చిత్రం కుళందైక్కాగ మన పాప కోసం కథేననీ తెలిసినప్పుడు తరగతిలో ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు.

ఇంత బాగా చెబుతూ పాటల మీద మరీ ఎక్కువ కాలం గడిపేశారన్నదే నా ఫిర్యాదు. తరగతిలో సగంమంది పాటల కోసమే చేరారని నిర్వాహకులు అంటారు, అది నిజమే కావచ్చు. కానీ ప్రకటనలో పెద్దక్షరాలతో వేసింది నవలాకారుడు, కవి అని. నవలలకు దక్కింది ఒక్క ఉదయం. 1980లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన చేరమాన్ కాదలికే ఆ ఉదయమంతా సరిపోలేదు. అవళ్ ఒరు ఇందు పెణ్, సివప్పుక్కల్ మూక్కుత్తి, రత్త పుష్పంగళ్, వేలంగుడి తిరువిళా వంటివి పేర్లు చదివి వదిలేశారు. చేరమాన్ కాదలి నుంచి మేము చదివిన భాగంలో సంభాషణలు నాటకపు పట్టుతో నడుస్తాయి. వర్ణన వచ్చిన చోట వాక్యం తెలియకుండానే పాదాలుగా విరిగిపోతుంది. అక్కడ కవి నవలాకారుడి చేయి పట్టుకుని లాగుతున్నాడని స్పష్టంగా కనిపిస్తుంది. అది గుణమా, దోషమా? నా మటుకు నాకు, చారిత్రక నవలలో అది గుణమే అనిపించింది. రాజులూ రాణులూ మామూలు మాట మాట్లాడితే మనం నమ్మం. సాంఘిక నవలల్లో అదే అలవాటు ఎలా పనిచేసిందో పోల్చి చూసే అవకాశం ఇచ్చి ఉంటే ఈ తరగతి పాటల సభ స్థాయి దాటి నిజమైన పాఠం అయ్యేది. కలం పేర్లతో మొదలుపెట్టినవారు, ఒక గొంతు మరో గొంతులోకి ఎలా చొరబడుతుందో చూపించగల ఈ చోటును దాటిపోవడం వింతగానే ఉంది.

కాగితాల్లో మరో లోపం ఉంది. ఏ రచన ఏ సంవత్సరానిదో, మొదట ఎక్కడ అచ్చయిందో ఎక్కడా వేయలేదు. తేదీలు తీసేసి ఊహించమన్న తరగతి సంగతి వేరు, అది ఆట. మిగతా వాటికి కూడా తేదీ లేకపోవడం అశ్రద్ధ. తరగతి ముగిశాక ఒక పట్టిక ఇస్తామన్నారు. వాట్సాప్ గుంపులో ఇద్దరు గుర్తుచేసినా రాలేదు. నాస్తికోద్యమపు వేదికల మీద నుంచి మొదలై, అర్థముళ్ళ ఇందు మతం దాకా, ఆ మీదట క్రీస్తు జీవితాన్ని కావ్యంగా చెప్పిన యేసు కావియం దాకా నడిచిన మనిషి విషయంలో, ఏది ఎప్పుడు అన్నది అలంకారం కోసం అడిగేది కాదు. సంవత్సరం తెలియకపోతే ఆయన మాట మార్చిన మనిషిలా కనబడతాడు. తెలిస్తే, ఎన్ని దెబ్బలు తిని ఎక్కడికి చేరాడో అర్థమవుతుంది. ఒక యువకుడు సరిగ్గా ఈ విషయమే అడిగి, ఆయన నమ్మకం మార్చుకున్నాడా, పాఠకుణ్ణి మార్చుకున్నాడా అన్నాడు. “రెండూ కాదు బాబూ, సిగ్గుపడటం మానేశాడు” అన్నారు అయ్యగారు. ఆ జవాబుతో నేను పూర్తిగా ఏకీభవించను. పాఠకులకు ఏది కావాలో పసిగట్టడంలో పత్రికా సంపాదకుడి ముక్కు ఆయనకు చివరిదాకా ఉందని నా అనుమానం, అందులో తప్పేమీ లేదు కూడా.

1981 అక్టోబరు 17న షికాగోలో, అక్కడి తమిళ సంఘం పిలుపు మీద వెళ్ళి, యాభై నాలుగేళ్ళకే ఆయన కన్నుమూశాడు. చివరి సినిమా పాట మూండ్రాం పిరైలోని జోలపాట. ఆ సినిమా వసంత కోకిల పేరుతో తెలుగులోకి వచ్చింది. సినిమా పాటలు అయిదు వేల దాకా, పుస్తకాలు రెండువందలకు పైగా అని లెక్క చెబుతారు. ముప్ఫై ఏళ్ళకు కొంచెం పైబడిన వృత్తి జీవితంలో ఇంత రాత. చివరి తరగతిని అయ్యగారు ఏ భావోద్వేగానికీ పోకుండా, ఏది ముందు చదవాలి, ఏది తరవాత అన్న సలహాలతో ముగించారు. ఆ వరుస నాకు నచ్చింది: ముందు వనవాసం, దాని కొనసాగింపు మనవాసం, ఆ పైన చేరమాన్ కాదలి, కవితలు ఆఖరున. పాటల సంపుటాలు ఆ వరుసలో లేవు, అవి ఎలాగూ చెవిలో ఉన్నవేనని ఆయన ఉద్దేశం.

వసతుల గురించి నాలుగు మాటలు. మేడ మీది గది వేసవిలో పదిన్నర దాటితే ఉడికిపోతుంది. రెండు ఫ్యాన్లు ఉన్నా వాటి చప్పుడులో వెనక వరుసకు అయ్యగారి గొంతు అందదు, కనుక ముందుగా వెళ్ళి ముందు కూర్చోవడం మంచిది. మెట్లు ఇరుకు, పట్టుకోవడానికి కమ్మీ ఒకవైపే ఉంది. పెద్దవాళ్ళు ఇది చూసుకుని చేరాలి. తొమ్మిదిన్నర అన్న తరగతి పదింటికి ముందు మొదలైన రోజు తక్కువ. మధ్యలో మానేస్తే డబ్బు తిరిగి ఇవ్వరు, రాని తరగతికి బదులు తరగతి ఉండదు, ఈ రెండు షరతులూ చేరేటప్పుడు చెప్పరు, రసీదు వెనక సన్నని అక్షరాల్లో ఉంటాయి. నిర్వాహకులను ఈ విషయంలో గట్టిగా అడగవలసిందే. కాఫీ మాత్రం బాగుంటుంది.

ఎవరు చేరవచ్చు అంటే, తమిళం వినికిడి ఉండి అక్షరం రానివారు, వారానికి రెండు మూడు గంటలు ఇంటి దగ్గర కూడా చదవగలిగినవారు. అక్షరాలు ముందే వచ్చినవారికి మొదటి మూడు తరగతులు విసుగు పుట్టిస్తాయి. వాళ్ళను నేరుగా నాలుగో తరగతి నుంచి, తగ్గించిన రుసుముతో చేర్చుకుంటే బాగుంటుందని నిర్వాహకులకు చెప్పాను, ఆలోచిస్తామన్నారు. తమిళం అసలే తెలియని వారు, పాటలు పాడుకోవడానికే రావాలనుకునేవారు చేరకపోవడం మంచిది. పాటలకు ఇంతకంటే చవకైన దారులు ఉన్నాయి. చేరదలచినవారు ముందుగానే టి. నగర్‌లో కణ్ణదాసన్ సాలైకి వెళ్ళి, ఆయన పేరుమీదే నడుస్తున్న ప్రచురణ సంస్థలో వనవాసం, చేరమాన్ కాదలి సొంత ప్రతులు కొనుక్కోవాలి, ఎందుకంటే జిరాక్సు కాగితాల్లో కుడి అంచున అక్షరాలు తెగిపోతున్నాయి, ఆ తెగిన చోటే మనకు రాని మాట ఉంటుంది. కొత్త జట్టు దీపావళి తరవాత మొదలవుతుందని చెప్పారు. అప్పటికి ఎండ కూడా తగ్గుతుంది.